ఆర్ రెండుసార్లు

కొన్నాళ్ళు జల్‌పల్లిలో దరఖాస్తులు కంప్యూటర్లో ఎక్కించే పని చేశాను. ఫారానికింత అని లెక్క, కాబట్టి మౌస్ ముట్టుకుంటే నష్టమే. గడి నుంచి గడికి ట్యాబ్, డ్రాప్‌డౌన్‌లో మొదటి అక్షరం. అంతే.

చిక్కంతా జిల్లా గడి దగ్గర. ఆర్ ఒకసారి నొక్కితే రాజన్న సిరిసిల్ల, రెండోసారికి రంగారెడ్డి. కానీ ఆ పేజీకి ఓపిక తక్కువ. మొదటి ఆర్‌కే మళ్ళీ లోడై, మండలాల్లో వేములవాడను తెచ్చి కూర్చోబెట్టేది. కర్సరేమో ఎగిరి పేజీ మొదటికి. పహాడీషరీఫ్ ముసలావిడ పెన్షన్ దరఖాస్తు వేములవాడ లెక్కలో పడితే ఆవిడ ఎవర్నని అడుగుతుంది? తయారుచేసినవాళ్ళు మౌస్ పీకేసి ఒక్క ఫారమైనా నింపారా అని నా అనుమానం.

పక్క సీటు అక్క చెప్పింది: "ఆల్ట్ పట్టుకొని కింది బాణం కొట్టు. లిస్ట్ తెరుచుకుంటది. అప్పుడు రెండు ఆర్‌లు, ఎంటర్."

ఎంటర్ కొట్టేదాకా పేజీ కదల్లేదు. తర్వాత బీ, బాలాపూర్.