పలకని వాకిలి

తెలుగు అధ్యాపకునికి కంప్యూటరు గదిలో ఏమి పని అని మిత్రులు పరిహాసమాడుతుంటారు. మా కళాశాల పాత వార్షిక సంచికలను, ఉర్దూ తెలుగు పుటలు రెండింటినీ, స్కాన్ చేసి ఒక లినక్స్ యంత్రంలో పదిలపరచే బాధ్యత నాపై పడింది. అందువల్ల ఆ గదితో నాకు సంబంధం కలిగింది.

గత సంవత్సరం వార్షికోత్సవం నాటి ఉదయం కమిటీ పెద్దలు ఆ సంచికలను చూడవచ్చారు. పఠన మందిరంలో ఏ కంప్యూటరు మీదా ఒక్క పుట తెరుచుకోలేదు. "మీరే తీగలు కదిలించి ఉంటారు" అని అటెండరును విద్యార్థుల ఎదుటనే కసిరాను. ఆయన నాకన్న పెద్దవారు. "నేను ముట్టుకోలేదు సార్, కేబులు బాగానే ఉంది" అని ఊరకున్నారు.

పింగ్ పంపి చూశాను. ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని బట్టి నీటిలోని వస్తువుల జాడ తీసే సోనార్‌ను తలచుకొని 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ఈ ఉపకరణానికి ఆ పేరు పెట్టాడు. జవాబు తక్షణమే వచ్చింది. తీగలు నిర్దోషులు, అటెండరు కూడా.

ఆ లినక్స్ యంత్రం ముందే కూర్చొని చూస్తే పుటలు చక్కగా తెరుచుకొన్నాయి. బయటి నుండి అడిగితే మాత్రం మౌనం. విద్యార్థులు ఈ మౌనాన్ని గుర్తుపట్టడం నేర్వాలి. ఒక ఇంటి వాకిట సలాం చెబితే "ఎవరూ లేరు" అని లోపలి నుండి వినిపించవచ్చు. పోర్టు వద్ద వినేవాడు లేనప్పుడు యంత్రం సాధారణంగా అలాగే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వెంటనే తెలుపుతుంది. అలా కాక, వేచి వేచి గడువు తీరిపోతే, మన సలామును ఎవరో దారిలోనే పారవేస్తున్నారని అనుమానించాలి. ఆ కావలివాడే ఫైర్‌వాల్.

యు.ఎఫ్.డబ్ల్యు. నియమాలు తెరిచాను. దూరం నుండి యంత్రాన్ని నడిపే 22వ పోర్టుకే అనుమతి ఉన్నది. (అదీ మరచి ఉంటే నాకే ప్రవేశం ఉండేది కాదు!) పుటలు వెలువడే 80వ పోర్టు ఊసే లేదు. సహజ స్థితిలో ఆ కావలి బయటి నుండి వచ్చే వారినందరినీ ఆపుతుంది. పింగును మాత్రం పోనిస్తుంది. ముందునాటి సాయంత్రం, భద్రతను గురించి ఏదో చదివిన ఉత్సాహంలో, దానిని మేల్కొలిపినవాడను నేనే.

"కావలినే తీసివేయరాదా?" అన్నారు ఒక పెద్ద. అంగీకరించలేదు. మా ప్రాంగణంలోని చిరునామాలకు మాత్రమే 80వ పోర్టు తెరిచాను. ఒక్క వాక్యం ఆజ్ఞ, పుటలు వచ్చాయి. అందరూ సంతోషించారు.

మధ్యాహ్నం అదే విద్యార్థులను వెంటబెట్టుకొని అటెండరు వద్దకు వెళ్లి, తప్పు నాదని చెప్పి క్షమాపణ కోరాను.

"కేబులు బాగానే ఉందని చెప్పాను కదా సార్" అని ఆయన టీ తెప్పించారు.