ఒకే స్టెంటు, రెండు లెక్కలు

మా ఆయన, మా మరిది ఇద్దరూ పెరంబూరు బిన్నీ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లే. 1996లో మిల్లు మూతపడ్డాక ఆయన వాచ్‌మన్‌గా చేరారు, మరిది ఆటో తోలాడు. మొన్నామధ్య ఒకే ఏడాదిలో ఇద్దరికీ గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆసుపత్రి ఒకటే, స్టెంటు రకమూ ఒకటే. మాత్రల లెక్క మాత్రం వేరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ఆయనకు ఏడాది వాడాలన్నారు, మరిదికి ఆరు నెలలకే ఒకటి ఆపుతామన్నారు.

"డబ్బు లేనోళ్లమని నాకు తగ్గించారా, వదినా?" అన్నాడు మరిది. అదే మాట డాక్టరమ్మను అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది.

రక్తనాళంలో స్టెంటు కొత్త వస్తువు. దానిమీద లోపలి పొర కమ్ముకునేదాకా, మగ్గంలో నూగు చేరినట్టు రక్తకణాలు అతుక్కుని గడ్డ కట్టొచ్చు. గడ్డ కడితే మళ్లీ గుండెపోటే, ప్రాణానికే ముప్పు. షుగరు ఉన్నవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, బీడీ సిగరెట్టు మాననివాళ్లకు, గుండెపోటు వచ్చినప్పుడు అర్జెంటుగా స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఆ భయం ఎక్కువ. మా ఆయనకు షుగరుంది, స్టెంటు వేసిందీ గుండెపోటులోనే. మరిదికి నడిస్తే నొప్పి వస్తోందని ముందే చూపించుకుని వేయించాం. పైగా వాడికి ఇదివరకు కడుపులో పుండై రక్తం పోయింది. మాత్రలు ఎక్కువ కాలం వాడితే మళ్లీ రక్తం పోతుందని తగ్గించారు. డబ్బు లెక్క కాదది, ఒంటి లెక్క.

నాలుగో నెలలో మా ఆయనకు పన్ను పీకాల్సి వచ్చింది. "వారం మాత్రలు ఆపేయండి" అన్నారు ఇరుగుపొరుగు. నేను ఆపనివ్వలేదు. డాక్టరమ్మను అడిగితే, "ఆపొద్దు, పళ్ల డాక్టరుకు స్టెంటు సంగతి చెప్పండి" అంది. పన్ను పీకి, దూది గట్టిగా అదిమిపెడితే కాసేపటికి రక్తం ఆగింది.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంటుకు, పన్నులు కాక, 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. స్టెంటు మనకు కాస్త అందుబాటులోకి వచ్చింది గానీ, దాన్ని కాపాడేది రోజూ వేసుకునే మాత్రే.

అందుకే మన ఇళ్లల్లో ఎవరికి స్టెంటు వేసినా, ఏ తేదీన వేశారు, ఏ మాత్ర ఎప్పటిదాకా అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. పక్కింటివాళ్ల చీటీ చూసి మన మాత్ర ఆపకూడదు. మలం నల్లగా పోయినా, చిగుళ్ల రక్తం ఆగకపోయినా వెంటనే చూపించండి. మా మరిదికి చెప్పాల్సింది ఇంకొకటుంది: బీడీ. దానికి ఆరు నెలల గడువు కూడా లేదు.