బొమ్మల్లో అతుకులు, సందులు పూడ్చడం

ముక్కలుగా చేసి అతికించిన ఏ బొమ్మకైనా అతుకు దగ్గర సన్నని గీతో, సందో మిగులుతుంది. రంగు దాన్ని దాచదు, మరింత ఎత్తి చూపుతుంది.

ఉంగుటూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు సంక్రాంతి బొమ్మల కొలువుల్లో కనిపించే కొండపల్లి బొమ్మలకు ఆ సందును పూడ్చే పని చేసేది మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద ఇది. తెల్లపొణికి కర్రతో మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, మక్కుతో అతికిస్తారు. సందులు పూడ్చేదీ అదే. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత వేసి, ఆపైన రంగులద్దుతారు.

విమానాలు, ఓడల ప్లాస్టిక్ నమూనాలకూ వరుస ఇదే. పాలిస్టైరీన్ ముక్కల అంచులను జిగురు కొద్దిగా కరిగిస్తుంది. గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ పైకి ఉబికి సన్నని గీతను తానే పూడుస్తుంది. పెద్ద సందుకు పలచని ప్లాస్టిక్ రేకు ముక్క దూర్చాలి. మధ్యరకానికి పుట్టీ చాలు.

ద్రావకంతో చేసిన పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. అందుకే ఒకేసారి మందంగా కాక పలచగా రెండుమూడు పొరలు వేస్తారు. పూర్తిగా ఆరాక 400, 600, 1000 నంబరు గరుకు కాగితాలతో వరుసగా, నీళ్లతో తడుపుతూ రుద్దుతారు. పక్కనున్న సన్నని చెక్కుడు గీతలు అరగకుండా టేపు అంటిస్తారు.

చివర బూడిదరంగు ప్రైమర్ వేస్తే మిగిలిన లోపాలు బయటపడతాయి. ఉన్నచోట మళ్లీ పూడ్చి, రుద్ది, ఆ తర్వాతే రంగు వేయాలి.