ఒకే గదిలో ముగ్గురు ఫ్రీడ్రిష్‌లు

పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల జర్మనీలో ఫ్రీడ్రిష్ అని కేకేస్తే వీధికి నలుగురు పలికేవారు. రాజులదీ అదే పేరు, మహాకవి షిల్లర్‌దీ అదే పేరు. ఋగ్వేదాన్ని అచ్చువేసిన మాక్స్ ముల్లర్ కూడా అసలుకు ఫ్రీడ్రిష్ మాక్స్ ముల్లరే. ఇందరిలో నన్ను వదలని వాళ్లు మాత్రం ట్యూబింగెన్ మత విద్యాలయంలో ఒకే గదిలో చదువుకున్న ముగ్గురు కుర్రాళ్లు.

ఫ్రీడ్రిష్ హోల్డర్లిన్, గియోర్గ్ విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ హెగెల్ ఇద్దరూ 1770లోనే పుట్టారు. ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ జోసెఫ్ షెల్లింగ్ వాళ్లకంటే అయిదేళ్లు చిన్న. 1790లో పదిహేనేళ్లకే అక్కడ చేరాడు. పాస్టర్లు కావలసిన ముగ్గురూ ఫ్రెంచి విప్లవం గురించీ, గ్రీకు కవుల గురించీ మాట్లాడుకుంటూ పెరిగారు. చివరికి ఒక్కరూ పాస్టర్ కాలేదు. హెగెల్, షెల్లింగ్ పేరుమోసిన ప్రొఫెసర్లయ్యారు. కవి అయిన హోల్డర్లిన్‌కి మాత్రం మతి చలించింది. 1803లో అతని పరిస్థితి కళ్లారా చూసిన షెల్లింగ్, కాస్త కనిపెట్టుకుని ఉండమని హెగెల్‌కి ఉత్తరం రాశాడు. ఆ మాట మాటగానే మిగిలిపోయింది.

ఆదుకున్నది ఒక వడ్రంగి. ఎర్న్‌స్ట్ జిమ్మర్‌కి హోల్డర్లిన్ నవల ‘హైపెరియన్’ అంటే ఇష్టం. మూడేళ్లకు మించి బతకడని వైద్యులు చెప్పేసిన మనిషిని 1807లో తన ఇంటికి తెచ్చుకున్నాడు. నెక్కార్ నది ఒడ్డున, బురుజులోని గదిలో ఆ కవి 36 ఏళ్లు బతికాడు. జిమ్మర్ పోయాక అతని కూతురు చూసుకుంది. చివరి ఏళ్లలో ఎవరైనా పద్యం అడిగితే రాసి, కింద స్కార్డనెల్లి అని సంతకం పెట్టేవాడు. తేదీలు కూడా తనకు తోచినవే. ఒకదాని కింద 1940 అని ఉంటుంది. 1843లో కన్నుమూసేనాటికి తల్లిదండ్రులు పెట్టిన పేరును తనే వదిలేసుకున్నాడు.

మరుసటి ఏడు, 1844 అక్టోబరు 15న, ప్రష్యా రాజు పుట్టినరోజు నాడు ఒక పాస్టర్ ఇంట మగబిడ్డ కలిగాడు. రాజు పేరే పెట్టారు: ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ నీషే. పదిహేడేళ్ల వయసులో బడిలో తన అభిమాన కవి గురించి వ్యాసం రాయమంటే, నీషే హోల్డర్లిన్‌ని ఎంచుకున్నాడు. ఇంకా ఆరోగ్యకరమైన కవిని పట్టుకోమని మాస్టారు సలహా ఇచ్చారు. ఆ మాస్టారి మాటను చరిత్ర తోసిపుచ్చింది. ఇవాళ జర్మన్ మహాకవుల్లో హోల్డర్లిన్‌కి ముందువరుసలో చోటుంది. నీషేకి కూడా 1889లో మతి తప్పింది. ఆ స్థితిలోనే పదకొండేళ్లు బతికాడు.

చదువుకున్న స్నేహితులకంటే ఆ వడ్రంగీ, ఆ బడిపిల్లాడూ హోల్డర్లిన్‌ని బాగా గుర్తుపట్టారని నా నమ్మకం. అతన్ని ఎప్పుడూ చదవనివాళ్లు ‘సగం జీవితం’ అనే చిన్న కవితతో మొదలుపెట్టండి. అది పద్నాలుగు పాదాలే.