రాతిపలక మీద పుట్టే చాక్లెట్

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు దక్షిణ కొసన ఉన్న టొలేడో జిల్లాలో, మాయా జాతికి చెందిన కెక్చీ, మొపాన్ కుటుంబాలు పెద్ద చెట్ల నీడలో నేటికీ కోకోను సాగు చేస్తూ, తోటకు వచ్చినవారికి చాక్లెట్ తయారీని దగ్గరుండి నేర్పుతున్నాయి. మాను మీదనే నేరుగా కాసే కాయను పగలగొట్టి, పుల్లతీపి తెల్లగుజ్జుతో సహా గింజలను తీసి, అరటి ఆకులు కప్పి కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెడితేనే ఆ రుచికి పునాది పడుతుంది. వేయించిన గింజల పొట్టు తీసి, పప్పును ‘మెటాటే’ అనే వాలు రాతిపలక మీద పొత్రంతో ముందుకూ వెనక్కూ నూరుతున్నకొద్దీ, అందులో సుమారు సగముండే కొవ్వు రాపిడి వేడికి కరిగి, పొడి కాస్తా నల్లగా నిగనిగలాడే ముద్దవుతుంది.

ఆ ముద్దను నీటిలో కలిపి, మిరప ఘాటు చేర్చి, పాత్ర నుంచి పాత్రలోకి ఎత్తుగా పోస్తూ నురుగు తెప్పించడం ప్రాచీన సంప్రదాయమనడానికి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని క్రీ.శ. 670-750 నాటి మాయా పాత్ర మీద అలా పోస్తున్న స్త్రీ చిత్రమే సాక్ష్యం. టొలేడో కుటుంబాలు గింజను ఇలా చాక్లెట్ దాకా తీసుకెళ్తుంటే, మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకోను అంతరపంటగా వేసే రైతుల్లో చాలామంది ఎండుగింజల అమ్మకంతోనే ఆగిపోతున్నారు. గింజను రుచిగా మలిచే విద్య కూడా పండించేవారి ఇంటనే నిలవాలన్న టొలేడో పాఠం వారికి చేరవలసి ఉంది.