మానుకొనువారి కూటము మతమా?

మిరపకోతలు ముగిసి చేతికి రొక్కము వచ్చు దినములలో, మా వినుకొండ తరగతిలో కొన్ని ముఖములు వాడియుండుట మేము పలుమారు గమనించితిమి. ఇంట త్రాగుడు ప్రబలినదని ఆ ముఖములే చెప్పును. నిరుడు అట్టి యొక బాలుని తండ్రిని కలిసికొని, త్రాగుడు మానదలచినవారు కూడుకొను ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటమునకు పొమ్మంటిమి. ఆయన మమ్ము తేరిపాఱ జూచి, “మాస్టారూ, ఇది మమ్ము మీ మతములో కలుపుకొను ఉపాయము కాదు గదా?” అని యడిగెను. “దానికిని మతమునకును సంబంధమే లేదు” అంటిమి.

ఇల్లు చేరి విచారింపగా మా మాట పూర్తిగా నిజము కాదని తోచెను. ఆ సంఘము 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను నిరువురు త్రాగుడుపాలైనవారి కలయికచే పుట్టెను. ఇరువురును ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను క్రైస్తవోద్యమమునందు తిరిగినవారు. 1939లో అచ్చైన వారి పండ్రెండు మెట్లలో దోషముల నొప్పుకొనుట, నష్టపడినవారికి సరిచేయుట, ప్రార్థించుట గలవు. దైవమును నమ్మని యొక ఖైదీని అట్టి కార్యక్రమమునకు నిర్బంధింపరాదని న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1996లో తీర్పు చెప్పెను.

అయినను అందు బాప్తిస్మము లేదు, విశ్వాసప్రమాణము లేదు. దేవుని ఎవరికి తోచినట్లు వారు భావించుకొనవచ్చును. త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటే చేరుటకు అర్హత. కావున దాని వేరు మతమునందున్నను, కొమ్మలు గోడ దాటినవని మా యభిప్రాయము.

దేవుని పేరు లేకయే మద్యముతో పోరాడినవారును మన సీమలో గలరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు, పాఠముపై మాటలాడుకొనుచు, సారాపై తిరుగబడిరి. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. వారిని ఏకము చేసినది మతము కాదు, ఇంటి బాధ. అయితే దుకాణమును మూయించుట వేఱు, త్రాగువాని లోపలి దాహమును మాన్పుట వేఱు.

మఱునాడు ఆ తండ్రివద్దకు పోయి యీ సంగతులన్నియు విప్పి చెప్పి, మా తొందరపాటు నొప్పుకొంటిమి. చిరకాలము త్రాగినవారు హఠాత్తుగా మానినచో మూర్ఛలు రావచ్చును గాన, ముందు వైద్యుని చూడుమంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “దాచకుండ చెప్పినారు గనుక ఒకసారి పోయి చూచెదను” అనెను. తరువాతి కథ ఆయనది. చెప్పుటకు మాకు హక్కు లేదు.

విద్యార్థులారా, మంచిపనికై యైనను సగము నిజము చెప్పకుడు. పూర్తి నిజమును విన్నవాడే తన కాళ్లతో తాను నడచి వచ్చును.