ఏ గీత, ఎక్కడ?

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

పోయిన ఏడు మా ఫిజిక్స్ సెమినార్‌లో నేను కృష్ణబిలాల మీద మాట్లాడాను. బోర్డు మీద నల్లటి వృత్తం వేసి చుట్టూ ఒక గీత గీశాను. ఆ గీతే ఈవెంట్ హొరైజన్, పుస్తకాల భాషలో ఘటనా క్షితిజం. "ఆ గీత దాటి లోపలికి పోయినదేదీ, వెలుగుతో సహా, ఎప్పటికీ తిరిగి రాదు" అని కాస్త గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు పడతాయనుకున్నాను. వెనక బెంచీలోంచి ఒక మాస్టారు, "బాగుందయ్యా. ఆ గీత ఈ క్షణాన ఎక్కడుందో ఎలా కనుక్కుంటావు?" అన్నారు. సూత్రంలో ద్రవ్యరాశి వేస్తే వ్యాసార్ధం వస్తుందనీ, సూర్యుడంత ద్రవ్యరాశికి అది సుమారు 3 కిలోమీటర్లనీ చెప్పాను. "రేపు దాన్లో ఇంకేదైనా పడితే?" అన్నారాయన. అంతే. మిగిలిన పది నిమిషాలు ఎలా గడిచాయో మిత్రులకు తెలుసు.

జవాబు నాకు సెలవుల్లో దొరికింది. చిక్కంతా "ఎప్పటికీ" అన్న మాటలో ఉంది. ఇప్పుడు బయల్దేరిన వెలుగు చివరకు బయటపడుతుందా లేదా అన్నది, ముందుముందు ఆ బిలంలో ఏమేం వచ్చి పడతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. కనుక ఆ గీత కచ్చితంగా గీయాలంటే విశ్వం భవిష్యత్తంతా మన చేతిలో ఉండాలి!

మాది వర్షాధారపు శెనక్కాయ సేద్యం. ఆ సెలవుల్లోనే ఒక సాయంత్రం వాన పడుతుంటే, "ఇదే చివరి వానేమో నాయనా" అన్నాను. "చివరి వాన ఇదేనని వాన చెప్తుందేమిరా? చెట్టు పెరికినప్పుడు తెలుస్తాది" అన్నాడు. మాస్టారి ప్రశ్న అప్పుడు నాకు నిజంగా అర్థమయింది. చివరి వాన అనేది ఉంది, అది ఫలానా రోజున పడిన మాటా నిజమే. కాని ఆ రోజు తడిసిన వాడికి అందులో తేడా ఏమీ తెలియదు.

ఈవెంట్ హొరైజన్ కూడా అలాంటిదే. ఒక బోలు గోళంలాగా ద్రవ్యమంతా లోపలికి కుంగిపోతూ ఉందనుకోండి. నడిమధ్యన కూర్చున్న మనిషికి చుట్టూ ఖాళీయే, గురుత్వాకర్షణ జాడే లేదు. అయినా ద్రవ్యం ఇంకా దూరాన ఉండగానే ఆ గీత మధ్యలో పుట్టి, పెరుగుతూ, అతన్ని దాటిపోయి ఉండవచ్చు. అతనికి గోరు కూడా కదలదు.

ఈ ఇబ్బంది లేని గీత వేరే ఉంది. దానికి 1965లో రోజర్ పెన్రోజ్ దారి చూపించాడు. ఒక మూసిన ఉపరితలం నుంచి వెలుగును బయటికి పంపితే మామూలుగా ఆ వెలుగుతెర విస్తీర్ణం పెరుగుతుంది. గురుత్వం మితిమీరిన చోట బయటికి పంపినదీ కుంచించుకుపోతుంది. ఈ క్షణాన అలాంటి ఉపరితలాలున్న ప్రాంతానికి వెలుపలి హద్దే ఎపారెంట్ హొరైజన్. దీనికి రేపటితో పని లేదు. కంప్యూటర్ల మీద కృష్ణబిలాలను ఢీకొట్టించి చూసేవాళ్ళు వెతికేది దీన్నే. దీనికీ ఒక లోపం ఉంది. "ఈ క్షణం" అన్నది చూసేవాణ్ణి బట్టి మారుతుంది, దానితో ఈ గీతా జరుగుతుంది.

మార్పు లేక నిలకడగా ఉన్న కృష్ణబిలంలో రెండు గీతలూ ఒక్కటే. ఏదైనా పడుతున్నప్పుడే విడిపోతాయి. ఆ తేడాను లెక్కగట్టి చూడటానికి ఇప్పటికీ వాడుతున్న ఉదాహరణ మన దేశపు పి. సి. వైద్య గారు 1943లో ప్రకాశించే నక్షత్రం కోసం కనుక్కున్న పరిష్కారం నుంచి వచ్చిందే. సెమినార్‌లో ఆయన పేరు కూడా చెప్పలేదు నేను.

సరే, ఏ గీతయితేనేం అంటారా? ఎంట్రోపీ దగ్గర పేచీ వస్తుంది. ఈవెంట్ హొరైజన్ విస్తీర్ణం తగ్గదని 1971లో హాకింగ్ నిరూపించాడు. తగ్గనిది ఎంట్రోపీయే కదా అని, కృష్ణబిలపు ఎంట్రోపీ ఆ విస్తీర్ణానికి అనుపాతంలో ఉంటుందన్నాడు బెకెన్‌స్టీన్. మొదట ఒప్పుకోని హాకింగే 1974లో కృష్ణబిలానికి ఉష్ణోగ్రత ఉందని తేల్చాడు. సూర్యుడంత దానికి అది కెల్విన్‌లో కోటోవంతు కన్నా తక్కువ. కాని రేపు పడబోయే దాని కోసం ఈవేళే పెరిగే విస్తీర్ణాన్ని ఎంట్రోపీ అనడం నాకు మింగుడు పడలేదు. అష్టేకర్, బద్రి కృష్ణన్‌లు 2002-03లో చెప్పిన డైనమికల్ హొరైజన్ అయితే, అప్పటికప్పుడు లోపలికి పోయే శక్తిని బట్టే పెరుగుతుంది. నా ఓటు దానికే.

2025 జనవరి 14న పట్టుబడిన గురుత్వ తరంగంలో, కలవక ముందు రెండు బిలాల మొత్తం విస్తీర్ణం సుమారు 2 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు, కలిశాక సుమారు 4 లక్షలని లెక్క తేలింది. హాకింగ్ మాట నిలబడింది. అయితే ఆ రెండు కొసల్లోనూ గీతలు దాదాపు ఒక్కటే. పేచీ మధ్యలోని ఆ కొద్ది క్షణాల గురించే.

అన్నట్టు హాకింగ్ 2014లో, అసలు ఈవెంట్ హొరైజన్లే లేవేమో, ఉన్నది ఎపారెంట్ హొరైజన్లేనేమో అని ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని శీర్షికలో 'వాతావరణ సూచన' అన్న మాట ఉంది. నాయనకు చెబితే, "ఆయనకీ వానల బాధేనా?" అన్నాడు.

మళ్ళీ సెమినార్ ఇస్తానని మాస్టారికి చీటీ రాసి ఇచ్చాను. తేదీ ఇంకా వేయలేదు.